నాన్చుడు గారికి, ఫోర్ స్పేడ్స్ వేసినవాడు వ్రాయునది

కర్నూలు,
ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ నాన్చుడు గారికి నమస్కారములు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలం లేదు. మీరు మాత్రం కులాసాగానే ఉన్నారని తెలుసు. మధ్యాహ్నం మూడున్నరకు మా టేబుల్ దగ్గరికి వచ్చి, మా పార్ట్‌నర్ భుజం మీద చెయ్యేసి, రెండు నిమిషాలు తీరిగ్గా కూర్చుని వెళ్ళారు కదా. మీరు వెళ్ళాక ఏం జరిగిందో మీకు తెలియదు. ఎప్పుడూ అంతే, గొడవ మొదలయ్యే వేళకు మీరు ఉండరు.

మిమ్మల్ని ఎరగనివాళ్ళు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి కాస్త పరిచయం చెయ్యనివ్వండి. బ్రిడ్జి అనే పేకాటలో నలుగురం ఆడతాం, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. తలా పదమూడు ముక్కలు. మన చేతిలో ఏముందో పార్ట్‌నర్‌కు చెప్పాలి, కానీ నోరు తెరవకూడదు. పక్కనున్న బిడ్డింగ్ బాక్సులోంచి ఒక కార్డు తీసి టేబుల్ మీద పెట్టాలి. అందులో 35 బిడ్లు (ఏ రంగు తురుపుగా, ఆరుకు పైన ఎన్ని పట్లు గెలుస్తామో చెప్పే పందాలు; ఫోర్ స్పేడ్స్ అంటే పది పట్లు), ఇంకా పాస్, డబుల్ (ఎదుటివాళ్ళ బిడ్ నెగ్గదని సవాలు), రీడబుల్ (ఆ సవాలుకు ఎదురు సవాలు). మొత్తం 38 మాటలు. ఒక మనిషికి పడగల పదమూడు ముక్కల చేతులు చూస్తే 63,501 కోట్ల పైచిలుకు. 38 మాటలతో అన్ని చేతులు చెప్పడమంటే, మూడు వేళ్ళు చూపించి భారతం చెప్పడమే. ఆ చాలని సందులోకి మీరు దూరారు. మీరు 39వ కార్డు. బాక్సులో కనబడరు, మనిషి మొహంలో కనబడతారు.

ఇప్పుడు ఇవాళ్టి సంగతి. నా చేతిలో ఇస్పేటు ఆసు, రాణి, పది, ఎనిమిది, అయిదు, మూడు. ఆఠీను ఒంటి ఏడు. డైమను ఆసు, జాకీ, తొమ్మిది, నాలుగు. కళావరు ఆరు, రెండు. (ఇంట్లో రమ్మీ ఆడితే ఇవే పేర్లు. బ్రిడ్జి టేబుల్ దగ్గరికి రాగానే మా నలుగురికీ హఠాత్తుగా ఇంగ్లీషు వచ్చేసి స్పేడ్స్, హార్ట్స్ అయిపోతాయి.) పెద్ద ముక్కల లెక్కలో 11 పాయింట్లు, ఆరు స్పేడ్లు. వన్ స్పేడ్ వేశాను. ఎడమవైపు ఆయన టూ హార్ట్స్. మా పార్ట్‌నర్ సార్ టూ స్పేడ్స్. కుడివైపు ఆయన త్రీ హార్ట్స్. నేను త్రీ స్పేడ్స్. ఎడమవైపు ఆయన ఫోర్ హార్ట్స్.

అప్పుడు వచ్చారు మీరు.

మా సార్ రిటైరైన లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని "తొందరగా చెప్పరా" అని గదమాయించిన మనిషి. ఆయన వేలు బాక్సు వెనకవైపు పెద్ద బిడ్ల అంచుల మీదికి వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది. ముందుకొచ్చి ఎర్రటి డబుల్ కార్డును తాకీ తాకనట్టు తాకింది. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ తుడిచారు. ఫ్యాను వంక చూశారు. ఉగ్గాని ప్లేటులో మిగిలిపోయిన సగం బజ్జీ వంక చూశారు. ఆఖరికి ఆకుపచ్చ పాస్ కార్డు తీసి, పసిపిల్లను నిద్ర చెడకుండా పడుకోబెట్టినట్టు టేబుల్ మీద పెట్టారు.

పాస్ అంటే "నాకు చెప్పడానికేం లేదు" అని. రెండు నిమిషాల తరువాత వచ్చిన పాస్ అంటే "చెప్పడానికి చాలా ఉంది, ధైర్యం చాల్లేదు" అని. బిడ్ల అర్థాలు రాసుకునే ఏ కన్వెన్షన్ కార్డులోనూ ఇది రాసి ఉండదు. మా టేబుల్‌కు టీ తెచ్చే కుర్రాడికి కూడా తెలుసు.

కుడివైపు ఆయన పాస్. నేను ఫోర్ స్పేడ్స్ వేశాను. క్షణం ఆలోచించలేదు. అంత చురుకుదనం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరే చెప్పాలి.

పది పట్లూ వచ్చాయి. ప్లస్ 420. నేను స్కోరు రాసుకుంటుండగా ఎడమవైపు ఆయన చెయ్యెత్తి, బస్సు ఆపినంత మర్యాదగా, "డైరెక్టర్, ప్లీజ్" అన్నాడు.

డైరెక్టరంటే మా ఆటలో తీర్పు చెప్పే మనిషి. ఆయన వచ్చి ముందు అడిగింది మీ గురించే. ఆలస్యం జరిగిందా, లేదా? ముగ్గురం జరిగిందన్నాం. సార్ మాత్రం, "ఏం పెద్ద సేపు కాదప్పా, అద్దాలు తుడుచుకున్నా" అన్నారు. అప్పుడు డైరెక్టర్ 16వ రూలు చెప్పాడు. ఆలోచించడం నేరం కాదట. ఎంతసేపైనా ఆలోచించొచ్చట. కానీ ఆ ఆలస్యంలోంచి పార్ట్‌నర్‌కు అందిన కబురు అక్రమ సరుకు. నా చేతికి న్యాయంగా తోచే దారులు రెండుంటే, ఆ కబురు చూపించిన దారిలో నేను నడవకూడదు. రెండో దారిలోనే పోవాలి. అక్కడ గుంత ఉందని తెలిసినా సరే.

న్యాయంగా తోచే దారి ఏదో ఎవరు తేలుస్తారు? దానికీ పద్ధతి ఉంది. నా స్థాయి ఆటగాళ్ళకు ఆ చేయి చూపించి, మీ పేరెత్తకుండా, "మీరైతే ఏం వేస్తారు?" అని అడుగుతారు. వాళ్ళలో చెప్పుకోదగ్గంత మంది ఒక బిడ్ గురించి గట్టిగా ఆలోచించి, కొందరైనా అదే వేసేలా ఉంటే, అది దారి కిందే లెక్క. దీన్ని పోలింగ్ అంటారు. డబ్బు పంచని పోలింగ్ మా జిల్లాలో ఇదొక్కటే అనుకుంటా. ఆట అయిపోయాక అయిదుగురిని విడివిడిగా అడిగాడు. ముగ్గురు పాస్ అన్నారు. ఇద్దరు ఫోర్ స్పేడ్స్ అన్నారు. ఆ ఇద్దరికీ రేపు నేనే కాఫీ ఇప్పిస్తాను. తీర్పు: ఫోర్ హార్ట్స్ దగ్గరే బిడ్డింగ్ ఆగినట్టు, వాళ్ళు పది పట్లు చేసినట్టు. మాకు మైనస్ 420.

అంకె గమనించారా? స్పేడ్స్‌లోనో హార్ట్స్‌లోనో నాలుగు వేసి, వల్నరబుల్ (లాభనష్టాలు పెరిగే వంతు) కానప్పుడు సరిగ్గా పది పట్లు చేస్తే వచ్చేది 420. ఎవర్నైనా మోసగాడు అనడానికి మనవాళ్ళు వాడే అంకె కూడా అదే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి, కొత్త సంహితలో మోసం 318వ సెక్షన్‌లోకి మారింది గానీ బ్రిడ్జిలో ఇంకా పాత అంకే నడుస్తోంది. సాయంత్రం నుంచి "ఏమన్నా, ఫోర్‌ట్వంటీ అంట కదా" అని నలుగురు పలకరించారు.

"నేనెట్లా అయినా ఫోర్ స్పేడ్స్ వేసేవాణ్ణే సార్" అన్నాను డైరెక్టర్‌తో. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆర్టీసీ కండక్టర్ "చిల్లర లేదు" అన్న మాటను ఎట్లా వింటాడో అట్లా విన్నాడు.

నా బాధ ఏంటంటే, వచ్చింది మీరు, కూర్చుంది సార్ దగ్గర, దెబ్బ పడింది నాకు. సార్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఇంకా విచిత్రం వినండి. ఆట అయ్యాక మెట్ల మీద సార్ అంటారు కదా, "రాజుతో నాలుగు స్పేడ్లున్నాయప్పా. వేద్దామా, డబుల్ చేద్దామా అని చూసినా." సార్, అంతసేపు చూసి ఫోర్ స్పేడ్స్ మీరే వేసేసి ఉంటే ఎవడూ డైరెక్టర్‌ను పిలిచేవాడు కాదు! మనిషి నాన్చి నాన్చి ఏదో ఒకటి తెగించి వేస్తే దాదాపు గొడవ లేదు. నాన్చి నాన్చి పాస్ అన్నప్పుడే పక్కవాడి కొంప మునుగుతుంది. ఈ మాట సార్‌తో అనలేదు. పెద్దాయన. అందుకే మీకు రాస్తున్నాను.

మిమ్మల్ని తరిమెయ్యాలని ప్రపంచమంతా ప్రయత్నించి ఓడిపోయింది. ఒకప్పుడు బిడ్లు నోటితో చెప్పేవాళ్ళు. "వన్ హార్ట్" అన్న మాటను గర్జించి చెబితే ఒక అర్థం, మూలిగి చెబితే ఒక అర్థం. ఆ గొంతు పీడ వదిలించుకోవడానికి స్వీడన్‌లో 1960ల్లో ఈ బాక్సు కనిపెట్టారు. గొంతు పోయింది, మీరు మిగిలారు. పెద్ద పోటీల్లో పార్ట్‌నర్ల మధ్య అడ్డుతెర పెట్టారు. మన పెళ్ళిలో జీలకర్ర బెల్లం దాకా వధూవరుల మధ్య పట్టుకుంటారే, అట్లాంటిదే. తెరకు ఒకే పక్కన ఉన్న ఇద్దరు ప్రత్యర్థులూ బిడ్ చేశాకే ఆ కార్డులున్న ట్రే రెండో పక్కకు వెళుతుంది. ఆలస్యం చేసింది తనవాడో ఎదుటివాడో అవతలివాళ్ళకు తెలియదు. పెళ్ళిలో తెర కింద కాళ్ళు ఆగవన్నది మనకు తెలిసిందే. 1975 బెర్ముడా బౌల్ ప్రపంచ పోటీలో తెరలు పెట్టిన కొత్తలోనే, ఇటలీ జోడీ ఒకటి టేబుల్ కింద కాళ్ళతో కబుర్లు చెప్పుకుంటోందని ఆరోపణ లేచింది. దాంతో టేబుల్ కిందా అడ్డం పెట్టారు. మా దగ్గర తెర లేదు. ఉన్నదల్లా కిటికీకి కట్టిన పాత దుప్పటి, అదీ ఎండకు.

లాక్‌డౌన్‌లో అందరం ఫోన్లలో ఆడాం. అక్కడా వచ్చారు. "నెట్ స్లో అప్పా" అన్న మారుపేరుతో.

మీ తమ్ముడి సంగతీ చెప్పాలి. హడావిడి. ఎవరైనా ఒక్కసారిగా పెద్ద బిడ్‌కు ఎగిరితే తరువాతి ఆటగాడు పది సెకన్లు ఆగాలన్న నియమం ఉంది. ఆలోచించేది ఉన్నా లేకపోయినా ఆలోచిస్తున్నట్టు కూర్చోవాలి, మీరు నిజంగా వచ్చారో లేదో ఎవరికీ తెలియకుండా ఉండాలని. మా దగ్గర పది సెకన్లంటే సగంమంది గోడ గడియారం వంక చూస్తూ పెదాలు కదిపి లెక్కపెడతారు. మిగతా సగం ఒకటిన్నర సెకనులో పాస్ పడేసి టీ గ్లాసు అందుకుంటారు. పొలంలో పిట్ట వాలలేదని డప్పు కొట్టి చెప్పినట్టు.

మీరు దొంగవేషం కూడా వేస్తారు. చేతిలో ఆ రంగు ముక్క ఒక్కటే ఉంటుంది. వేరే ఏదీ వెయ్యడానికి వీల్లేదు. అయినా గడ్డం గోక్కుంటూ ఆలోచించేవాళ్ళున్నారు, ఎదుటివాడు తప్పుదారి పట్టాలని. 73వ రూలు దీన్ని పేరుపెట్టి మరీ తప్పు అంటుంది. అట్లా చేసే ఆయన మా దగ్గరే ఒకాయన ఉన్నారు. పేరు రాయను, వచ్చేవారం ఆయనతోనే ఆడాలి.

అసలు తప్పు మాది కూడా కాదేమో. ఈ ఆట పుట్టుకలోనే మీరున్నారు. 1925 అక్టోబరు ఆఖరున వాండర్‌బిల్ట్ అనే అమెరికా కోటీశ్వరుడు ఓడలో పోతుంటే, పొద్దుపోయిందని పనామా కాలువ దగ్గర ఓడ ఆగింది. దిగే వీల్లేదు, కదిలే వీల్లేదు. ఊరికే కూర్చోలేక కాంట్రాక్ట్ బ్రిడ్జి లెక్కలతో ఆడుకున్నారు. మా కేసీ (కర్నూలు-కడప) కెనాల్‌ను కూడా పందొమ్మిదో శతాబ్దంలో సాగుకూ పడవలకూ కలిపే తవ్వారు. పడవలు పోయాయి. నీళ్ళు ఎప్పుడు వదులుతారో మాత్రం ప్రతి ఏడాదీ మీరే నిర్ణయిస్తారు.

ఆ మాటకొస్తే కర్నూలుకు మీరు కొత్తవారా? 1953లో రాజధాని అని కార్డు పెట్టారు, 1956లో తీసేశారు. 2020లో న్యాయ రాజధాని అన్నారు, 2021లో ఆ చట్టమే వెనక్కి పోయింది. బ్రిడ్జిలో అయితే 25వ రూలు ఉంది. చెయ్యి జారి ఒక కార్డుకు బదులు ఇంకొకటి వస్తే, పార్ట్‌నర్ బిడ్ చేసేలోపు మార్చుకోవచ్చు. మనసు మారితే మార్చుకోవడానికి లేదు. మాకు జరిగింది చెయ్యి జారడమో, మనసు మారడమో అడుగుదామంటే డైరెక్టర్ ఎవరో తెలియదు.

సరే, మనవి. వచ్చే ఆదివారం తమరు మా సార్ దగ్గరికి దయచేయకండి. ఊరంతా తిరిగి, రాక తప్పదనుకుంటే ఎడమవైపు ఆయన దగ్గర కూర్చోండి. రెండు నిమిషాలు కాదు, అయిదు నిమిషాలు కూర్చోండి. మీరు లేచేలోపే నేను డైరెక్టర్‌ను పిలుస్తాను. పోయిన నెల అట్లాగే పిలిచి ఒక బోర్డు (ఒక పంపకం ఆట) గెలిచాను. అప్పుడు 16వ రూలు ఎంత గొప్ప రూలో అందరికీ నేనే వివరించాను.

ఉత్తరం ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. ఇంతలో ఒక పని చేశాను. బెంగళూరులో మా బావమరిది ఉన్నాడు, నాలాగే ఆడతాడు, నాకంటే ఒక వీసమెత్తు ఎక్కువేమో. వాడికి ఈ చేయి వాట్సాప్‌లో పంపాను. బిడ్డింగ్ అంతా రాశాను. మీ గురించి రాయలేదు. "నువ్వైతే ఏం వేస్తావు?" అని అడిగాను. వాడు నా పక్షాన నిలబడతాడని, ఆ జవాబు తీసుకెళ్ళి డైరెక్టర్‌కు చూపించాలని.

మూడు సెకన్లలో వచ్చింది.

"పాస్. ఎందుకు బావా?"

ఇట్లు,
తమ విధేయుడు,
మైనస్ 420.