లోపల అడ్డం, బయట నిలువు

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989. అందులో వందో నియమం ప్రకారం బండి ముందు అద్దం, వెనక అద్దం కనీసం 70 శాతం వెలుతురును లోపలికి రానియ్యాలి. పక్క అద్దాలకు 50 శాతం చాలు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించనే వద్దన్నది. నల్లగొండ జిల్లా వాహనదారులం ఈ తీర్పును తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. మన అద్దాల మీద ఉన్నది ఎర్ర ఫిల్ము. చెల్క భూముల నుంచి పైసా ఖర్చు లేకుండా వచ్చి దానంతటదే అంటుకుంటుంది. దీనికి చలానా రాసే మొగోడు లేడు. రాయాలంటే ముందు లోపల ఎవరున్నారో కనబడాలి కదా.

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఒక్కసారి పోయి వచ్చిన బండిని చూడండి. వాడపల్లి దిక్కు సిమెంటు, మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక, మధ్యలో మన ఎర్రమట్టి, మూడూ అద్దం మీద పొరలు పొరలుగా కనిపిస్తాయి. దాన్ని దుమ్ము అనడం అన్యాయం, జిల్లా పటం అనాలి.

నిజానికి దుమ్ము పట్టిన అద్దంతో నాకు పేచీ లేదు. అది ఉన్నదున్నట్టు చెప్తుంది. తుడిచిన అద్దంతోనే వస్తుంది చిక్కు. నీడలో తళతళలాడుతుంది, ఎండ ఎదురైన క్షణంలో దాని మీద మనం తిప్పిన గుడ్డ అడుగుజాడలన్నీ బయటపడతాయి. ఈ సంగతి మా బావకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆయన ఇల్లు వనస్థలిపురంలో, సర్కారు నౌకరు నల్లగొండలో. పొద్దున ఇటు వచ్చేటప్పుడు సూర్యుడు ఎదురు, సాయంత్రం అటు పోయేటప్పుడూ సూర్యుడే ఎదురు. ఇల్లు ఇక్కడ, నౌకరు అక్కడ ఉండి ఉంటే రెండుపూటలా ఎండ వీపుకు కొట్టేది, బతుకంతా అద్దం శుభ్రంగానే ఉందనుకునేవాడు. గీతల సమస్యకు శాశ్వత పరిష్కారం ట్రాన్స్‌ఫరే. కానీ అది దొరకడం కన్నా అద్దం తుడుచుకోవడం సులువు.

మొన్న ఆదివారం అత్తగారింటికి, అంటే మా ఇంటికి, వచ్చిన బావ పదకొండు గంటల ఎండలో ఆ శుభకార్యం తలపెట్టాడు. "బావా, నీడకు పెట్టు, కాలిన అద్దం మీద మందు కొడితే తుడిచే లోపే ఎండి మరకైతది" అన్నాను. నీడ అంటే మా వాకిట్లో వేపచెట్టొక్కటే. పైకి చూశాడు. కొమ్మ మీద కాకులు నాలుగు మా చర్చను శ్రద్ధగా వింటున్నాయి. ఎండలోనే కానిద్దామన్నాడు.

ఇక నీళ్లు. నీళ్ల విషయంలో మన జిల్లాకు ఒక చరిత్ర ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని 'నీరి' సంస్థ రూపొందించిన ఆ పద్ధతి పేరే నల్లగొండ టెక్నిక్. పేరు మనది, ఫ్లోరైడు కూడా మనదే. ఇంకా పుస్తకాలకెక్కని రెండో నల్లగొండ టెక్నిక్‌ను ఇక్కడ మొదటిసారి లోకానికి సమర్పిస్తున్నాను. ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటుంది. ఒక పైపులోంచి తాగే నీళ్లు, ఇంకో పైపులోంచి మిషన్ వద్దన్న నీళ్లు వస్తాయి. పారబోయడం పాపమని మా అమ్మ ఆ రెండోవాటిని బకెట్ల కొద్దీ పడుతుంది. బోరునీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఆ బకెట్లో ఇంకా చిక్కబడి ఉంటాయి. అంటే జిల్లా మొత్తం వెతికినా అంతకన్నా గట్టినీళ్లు దొరకడం కష్టం. వాటితో మేం బండి కడుగుతాం. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఉండిపోతుంది. అద్దమంతా సున్నం చుక్కలు. ఎవరో రాత్రికి రాత్రి ముగ్గు వేద్దామని చుక్కలు పెట్టి, గీతలు కలపడం మా బావకు వదిలేసినట్టు ఉంటుంది.

"పంక్చర్ షాపుల బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ దొరుకుతది. అందులో ఉప్పులుండవు. ఆఖరుసారి దాంతో తుడిస్తే చుక్క పడదు" అన్నాను.

బావ చెయ్యి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "మనుషులకే డబ్బా నీళ్లు కొనుక్కొని బతుకుతున్నం. అద్దానికి సుత కొనాల్నా?"

పాత చుక్కలకు వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ తడిపి కాసేపు అద్దానికి అద్ది ఉంచితే కరుగుతాయి. ఆ సీసా అడిగితే, అది పిల్లల నూడుల్స్‌దని మా అక్క వంటింటి గడపలోనే ఆపేసింది.

గుడ్డల సంగతికి వస్తే, మన ఇండ్లల్లో గుడ్డకు సర్వీసు రూల్సు ఉంటాయి. కొత్త తువ్వాలగా చేరుతుంది, చిరిగితే చేతిగుడ్డ, తర్వాత గిన్నెలు దించే మసిగుడ్డ. మసిగుడ్డగా రిటైరయ్యాక దానికి కారు అద్దం మీద మళ్లీ పోస్టింగు. ఇరవై పోపుల నూనె ఒంటబట్టించుకున్న ఆ సీనియర్ చేత్తో అద్దం తుడిస్తే పడేవి గీతలు కావు, సేవా పతకాలు. కొందరు దినపత్రికను ఉండచుట్టి తుడుస్తారు. సిరా అద్దానికి కాకపోతే చుట్టూ ఉన్న రబ్బరుకు, రబ్బరుకు కాకపోతే అరచేతికి అంటుకుంటుంది.

మా బావ ఇంత అమాయకుడు కాదు. మైక్రోఫైబర్ గుడ్డలు రెండు కొన్నాడు. ఒకటి తడిది, దానితో మురికి తీయాలి. రెండోది పొడిది, దానితో తడి లాగేయాలి. అక్కడికి అంతా సరిగ్గానే ఉంది. అయితే వాటిని మా అక్క బట్టలతో కలిపి మిషన్‌లో వేసి, చివర జాడించేటప్పుడు మెత్తదనానికీ వాసనకూ పోసే నీలిరంగు మందు కూడా పోసింది. ఆ మందు గుడ్డ పోగుల మీద జిడ్డుపొరలా పట్టుకుంటుంది, ఆ పొర అద్దానికి ఎక్కుతుంది. గుడ్డ మల్లెపూల వాసన కొడుతోంది. అద్దం మీద మబ్బు కమ్ముతోంది.

బావ బయట, నేను లోపల. లోపలి అద్దం సంగతి ఎవరూ తలవరు గానీ అసలు కథ అక్కడే. ఎండకు కాగిన ప్లాస్టిక్ విడిచే ఆవిరి, డ్యాష్‌బోర్డు మెరవాలని పూసే పాలిషు, దేవుడి బొమ్మ ముందు వెలిగించే అగరుబత్తి పొగ, అన్నీ కలిసి పలచటి పొరగా అద్దానికి పడతాయి. పగలు కనబడదు. రాత్రి హైవే మీద ఎదురుగా లారీ లైటు పడితే అద్దం నిండా పాలు ఒలికినట్టవుతుంది. యాదగిరిగుట్టలో బండి పూజనాడు పెట్టిన పసుపు బొట్టు మాత్రం ఓ మూలన చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని ఎవరూ ముట్టరు, నేనూ ముట్టలేదు.

అరగంట తర్వాత ఒక గీత మిగిలింది.

"నీ దిక్కే ఉన్నది చూడు బామ్మర్దీ."

"లేదు బావా, బయటనే."

ఆయన బయట రుద్దాడు, నేను లోపల రుద్దాను. ఇద్దరి వేళ్లూ అద్దానికి చెరో దిక్కున ఒకే చోట ఆనాయి. రోడ్డు మీద గుంట ఎవరి పరిధిలోదని రెండు ఆఫీసులు ఉత్తరాలు రాసుకున్నట్టుంది మా వాలకం. అప్పుడు నేనొక రాజ్యాంగం ప్రతిపాదించాను. ఇకనుంచి లోపలివాళ్లు అడ్డంగానే తుడవాలి, బయటివాళ్లు నిలువుగానే తుడవాలి. అడ్డగీత మిగిలితే తప్పు నాది, నిలువుగీత మిగిలితే ఆయనది. బావ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. అల్లుడన్నాక తప్పు తనదని తేలే అవకాశం ఉన్న ఏ చట్టానికైనా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

కొత్త చట్టం ప్రకారం మళ్లీ తుడిచాం. నా అడ్డగీతలు లేవు. ఆయన నిలువుగీతలు లేవు. అయినా డ్రైవర్ కండ్ల ముందర ఒక గీత నవ్వుతూ కూర్చుంది. అది అడ్డమూ కాదు, నిలువూ కాదు. నెలవంకలా వంగి ఉంది.

"ఇది వైపర్‌ది బావా. రబ్బరు గట్టిపడ్డది, మధ్యల ఇసుక రేణువు ఇరుక్కున్నది. ఇది మరక కాదు, గీరుకపోయింది. ఎంత తుడిచినా పోదు."

"గట్లెట్ల గీరుతది?" అంటూ బావ లోపలికి వచ్చి సీట్లో కూర్చున్నాడు. అంతలో పక్కవీధిలోంచి ఇసుక ట్రాక్టరు పోయింది. ఎర్రటి పొర ఒకటి నెమ్మదిగా దిగి అద్దం మీద పరుచుకుంది.

"ఆగు, వేసి చూపిస్త" అని, నీళ్లు కొట్టకుండానే వైపర్ ఆన్ చేశాడు.