కోట గుమ్మం ముందు నడిచే జాగా కావాలి

దసరాకు ఒడిశాలోని జయపురంలో, కోట గుమ్మం ముందున్న రాజమహల్ ఛక్ (కూడలి)లో నిలబడి చూసినవారికి ఆ చోటు విలువ వేరే చెప్పక్కర్లేదు. పాత కొరాపుట్ జిల్లా నలుమూలల నుంచీ ఊరి దేవతలు లాఠీల రూపంలో తరలివస్తారు. గుడ్డలు చుట్టిన ఆ పొడవాటి వెదురు బొంగుల వెనక వాద్యాలు, వాటి వెనక ఊళ్లకు ఊళ్లు. కోటలోని కనకదుర్గమ్మ పండగంటే ఇక్కడ కొండలన్నీ దిగిరావడమే.

రోజువారీ బతుకు దారీ ఇదే. విజయనగరం నుంచి సాలూరు ఘాటీ ఎక్కి, కొరాపుట్ మీదుగా వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి జయపురాన్ని తాకుతూనే నవరంగపూర్ వైపు సాగుతుంది. వైద్యానికి విశాఖ బయల్దేరే కుటుంబం, కూరగాయల బుట్టతో కొండ దిగిన పరజా గిరిజన ఆడబిడ్డ, కాలేజీ పిల్లలు ఎదురుపడేది ఈ ఊళ్లోనే. ఒక్క టీ కొట్టు దగ్గర ఒడియా, ఇక్కడి కొండల మాట దేశియా, తెలుగు మూడూ వినపడతాయి. అలాంటి కూడలిలో కాలినడకన పోయేవారికే జాగా లేకపోతే ఎలా?

రోడ్డు వెడల్పు చేస్తే చాలన్న మాటకు మేము ఒప్పుకోం. వెడల్పయ్యేకొద్దీ బళ్లు పెరుగుతాయి. పోయేది పాత గోడలూ, చిల్లర వ్యాపారుల పొట్టా. ఆటోలను, జీపులను గుమ్మానికి దూరంగా ఒక స్టాండుకు పంపాలి. లారీలను పగటిపూట ఊళ్లోకి రానివ్వకూడదు. తోపుడుబళ్లను తరమకుండా గీత గీసి చోటివ్వాలి.

ఇంకో మాట, మాకు ప్రాణప్రదమైనది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరయ్యేదాకా జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జయపురం రాజగద్దెనెక్కిన విక్రమదేవ వర్మ ఒడియాలోనూ, తెలుగులోనూ పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. అక్కడి సైన్సు కాలేజీ ఆయన పేరు, మన ఊరి పేరు కలిపి పెట్టుకుంది. ఆ సంగతి ఆయన కోట ముందే ఒడియాలోనూ, తెలుగులోనూ ఒక పలక మీద రాసి నిలబెట్టాలి. ఒక భాష పక్కన ఇంకో భాష రాస్తే మొదటిది చిన్నబోదు. ఆయనే అందుకు సాక్షి.

పలకకు కొంత సమయం పట్టవచ్చు. ఆటో స్టాండు జరపడానికి పట్టదు. వచ్చే దసరాకు లాఠీలు కొండ దిగేలోగా ఆ పని జరగాలి.