540 తేడా

విశాఖ పూర్ణామార్కెట్ దగ్గర ఓ కిరాణా హోల్‌సేల్ షాపు లెక్కలు నేను పార్ట్‌టైమ్‌గా చూస్తుంటాను. జూన్‌లో నాకు సాయంగా ఓ కుర్రాడు చేరాడు. ఇంటర్ అయ్యాక కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ వారి క్యాట్ కోర్సు చేసి, అకౌంటింగ్ టెక్నీషియన్ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు. షావుకారు గారు దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "టాలీ వచ్చా?" అన్నారు. అంతే ఇంటర్వ్యూ.

ఆ గురువారం నేను డాబాగార్డెన్స్‌లో ఇంకో పార్టీ దగ్గర ఇరుక్కుపోయాను. 20వ తారీకు లోపు జీఎస్టీ 3బి రిటర్ను పడాలి, ఆ టెన్షన్ వేరు. ఇక్కడ మావాడు రాత్రి క్యాష్ లెక్కపెడితే, టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదానికంటే గల్లాపెట్టెలో 540 తక్కువ తేలింది.

అనుభవం ఉన్నవాడైతే ముందు షావుకారు గారిని అడుగుతాడు. వీడు చదువుకున్నవాడు. ఖర్చు జమ వైపు పడితే తేడా రెట్టింపు వస్తుంది కదా, అందుకని తేడాలో సగం, 270 ఎక్కడైనా అటుది ఇటు పడిందేమో వెతికాడు. లేదు. 540ని తొమ్మిదితో భాగించాడు. శేషం లేకుండా పోయింది! అంటే అంకెలు తారుమారయ్యాయన్నమాట. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదితో పోతుందన్న సూత్రం నిజమే, మేమూ వాడతాం. వెతగ్గా వెతగ్గా ఆరిలోవ టీకొట్టాయన కట్టిన 820 కనిపించింది. తిరగేస్తే 280. తేడా సరిగ్గా 540! రసీదు ఎంట్రీ దిద్దేశాడు, క్యాష్ టాలీ అయిపోయింది. ఆ ఊపులోనే టీకొట్టాయనకి వాట్సాప్ పెట్టాడు: "మీ బాకీ రూ. 540."

తెల్లారేసరికి ఆయన షాపు ముందున్నాడు.

"ఏటి బాబూ, ఎనిమిదొందల ఇరవై నా సేత్తో లెక్కెట్టి ఇచ్చినాను. మళ్లీ బాకీ ఏటి?"

"మీరిచ్చింది 280 అండీ. తొమ్మిదితో పోయింది."

"ఎవడు పోనాడు?"

నేను వెళ్లేసరికి బజారంతా అక్కడే ఉంది. పంచదార బస్తా మీద కూర్చున్నవాడు లేవడం లేదు. షావుకారు గారు మాత్రం టిఫిన్ చేసి తీరిగ్గా వచ్చి, సంగతంతా విని, "540 అంటే... రొయ్యలు కదూ!" అన్నారు.

వేట నిషేధం జూన్ 14తో ముగిసి, బోట్లు మళ్లీ సముద్రంలోకి వెళ్లిన వారం అది. రెండు నెలలు నోరు కట్టుకున్న మనిషి. మధ్యాహ్నం గంపతో వచ్చినావిడకి గల్లాపెట్టెలోంచి తీసిచ్చేశారు. చీటీ రాయడం మా షాపులో పనివాళ్లకే వర్తిస్తుంది.

టీకొట్టాయనకి కాఫీ ఇప్పించి పంపించాం. ఆయన టీ వద్దన్నాడు.

"షాపు ఖర్చుల్లో రాసెయ్" అన్నారు షావుకారు గారు.

"కుదరదండీ, అది సొంతవాడకాల ఖాతా" అన్నాడు కుర్రాడు. గొంతు వణికింది గానీ వెనక్కి తగ్గలేదు.

"స్టాఫ్ వెల్ఫేర్ అని రాయవయ్యా. రేపు నీకో గిన్నె తెస్తాను."

అన్నట్టే తెచ్చారు. శనివారం నాడు కుర్రాడు నీచు ముట్టడట. గిన్నె నేనే ఖాళీ చేశాను. ఎంట్రీ మాత్రం సొంతవాడకాల్లోనే పడింది.