క్వెరీ రిజల్ట్‌కి కోటు తొడిగే ఎక్స్ఎంఎల్ గారికి బహిరంగ లేఖ

ఎక్స్ఎంఎల్ గారికి నమస్కరించి రాయునది,

ఇక్కడ నేను క్షేమం, మా సర్వర్ మెమరీ మాత్రం క్షేమంగా లేదు, కారణం మీకూ తెలుసు నాకూ తెలుసు. ఇన్నేళ్ళు కలిసి పనిచేశాం కదా, ఈ గారూ మీరూ ఇక్కడితో ఆపేసి నువ్వు అనేస్తున్నా, ఏమీ అనుకోకు.

ముందే చెప్తున్నా, డేటాకి ముందూ వెనకా పేర్ల ట్యాగులు తగిలించి రాసే ఫార్మాట్‌వి నువ్వు, నీ మీద నాకు మొత్తంగా పగేం లేదు. కాన్ఫిగ్ ఫైల్స్‌లో ఉండు, డాక్యుమెంట్స్‌లో ఉండు, ఒకళ్ళ సిస్టమ్ నుంచి ఇంకొకళ్ళ సిస్టమ్‌కి ఇన్‌వాయిస్ వెళ్ళేచోట హాయిగా ఉండు. నా గొడవంతా ఒక్కదాని గురించే. నేను డేటాబేస్‌లో ఫలానా డేటా ఇవ్వమని సెలెక్ట్ క్వెరీ కొడతాను, టేబుల్ వరసలు, అంటే రోస్ వస్తాయి, ఆ రోస్‌కీ నా కోడ్‌కీ మధ్యలో నువ్వు దూరి "ఆగండి ముందు వీళ్ళకి బట్టలు తొడగాలి" అంటావు చూడు, అదీ నా బాధ.

అసలు జరిగేదేంటో ఒకసారి నెమ్మదిగా చూద్దాం. డేటాబేస్‌కి 42 అంటే నంబర్ అని తెలుసు. నా కోడ్‌కీ అది నంబర్‌గానే కావాలి. మధ్యలో నువ్వు ఆ 42ని తీసుకుని నాలుగూ రెండూ అని రెండు అక్షరాలు చేసి, ముందొక ట్యాగు వెనకొక ట్యాగు తగిలించి పంపిస్తావు, ఇవతల నిన్ను చదివి విప్పే నా పార్సర్ ఆ ట్యాగులన్నీ ఊడదీసి, మెమరీలో ఒక చెట్టు నాటి, ఆ చెట్టెక్కి కొమ్మ కొమ్మా వెతికి, ఆ రెండక్షరాలు కోసుకొచ్చి, మళ్ళీ నంబర్‌గా మార్చి నా చేతిలో పెడుతుంది. చాలాసార్లు ఈ తతంగం అంతా ఒకే మెషీన్ మీద ఉన్న రెండు ప్రాసెస్‌ల మధ్యే. ముక్కు ఏదిరా అంటే తల వెనక నుంచి చెయ్యి తిప్పి చూపించినట్టు. మా డిజైన్ డాక్యుమెంట్‌లో దీనికి ‘లూజ్ కప్లింగ్’ అని, అంటే రెండు ప్రోగ్రాములు ఒకదానిమీద ఒకటి ఎక్కువ ఆధారపడకుండా ఉండటమని, పేరు పెట్టారు, ఆ డాక్యుమెంట్ రాసినాయన వేరే ప్రాజెక్టుకి వెళ్ళిపోయాడు, ఆయన కప్లింగ్ మాత్రం నిజంగానే లూజు.

నీ తప్పు కూడా పూర్తిగా కాదులే. నువ్వు 1998 ఫిబ్రవరిలో పుట్టావు, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ళు నీ 1.0 వెర్షన్‌ని రికమెండేషన్‌గా విడుదల చేశారు, నీ పెద్ద దిక్కు, పాత మార్కప్ భాష ఎస్‌జీఎంఎల్ అప్పటికే 1986 నుంచి ఐఎస్‌ఓ స్టాండర్డ్. మీది డాక్యుమెంట్ల వంశం. హెడ్డింగులు, పేరాలు, ఫుట్‌నోట్లు, అవీ మీ పనులు. అలాంటి నిన్ను తీసుకొచ్చి టేబుల్ రోస్ మొయ్యమన్నది మేమే. మైక్రోసాఫ్ట్ వాళ్ళ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో సెలెక్ట్ చివర ‘ఫర్ ఎక్స్ఎంఎల్’ అని తగిలిస్తే చాలు నువ్వు ప్రత్యక్షం, 2003 నాటికి డేటాబేస్ క్వెరీలు రాసే భాష అయిన ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్‌లో 14వ భాగం అచ్చంగా నీ పేరు మీదే రాసిచ్చేశారు, ఎక్స్ఎంఎల్ ఎలిమెంట్, ఎక్స్ఎంఎల్ ఫారెస్ట్, ఎక్స్ఎంఎల్ ఆగ్ అని ఫంక్షన్లు. ఫారెస్ట్ అని పేరు పెట్టినవాళ్ళకి మాత్రం దణ్ణం పెట్టాలి, అందులోకి వెళ్ళినవాడు తిరిగి రావడం కష్టమని ముందే హెచ్చరించారు. చుట్టపుచూపుగా వచ్చినవాడికి ఏకంగా ఇంటి పట్టా రాసిచ్చినట్టయింది.

సరే నీ బరువు సంగతి. మా టేబుల్‌లో ‘ఈజ్ యాక్టివ్’ అని ఒక కాలమ్ ఉంది, ఉంటే 1 లేకపోతే 0, అంతకుమించి దాని జీవితంలో ఏమీ లేదు. డేటాబేస్ లోపల అలాంటి బిట్ కాలమ్స్ ఎనిమిదింటిని కలిపి ఒక్క బైట్‌లో సర్దేస్తారు. నీ దగ్గరికొచ్చేసరికి, ఆ పేరు ఇంగ్లీషులో 8 అక్షరాలు, తెరిచేటప్పుడోసారి మూసేటప్పుడోసారి కాబట్టి 16, బ్రాకెట్లూ స్లాషూ కలిపి ఇంకో 5, మొత్తం 21 అక్షరాలు, దేనికి, మధ్యలో ఉన్న ఒక్క 1ని మొయ్యడానికి. లక్ష రోస్ అంటే లక్ష అక్షరాల డేటాకి 21 లక్షల అక్షరాల ఊరేగింపు, అదీ ఒక్క కాలమ్‌కి. పైగా ఆ కాలమ్ పేరేంటో మొదటి రోలోనే తెలిసిపోయింది కదా, రెండో రోలో మారదు, లక్షో రోలో కూడా మారదు. టేబుల్ అంటేనే అది, హెడ్డింగ్ పైన ఒక్కసారి రాసుకుంటే సరిపోతుందని కనిపెట్టబట్టే దాన్ని టేబుల్ అన్నారు. నువ్వు మాత్రం ప్రతి రో దగ్గరా ఆగి పరిచయ కార్యక్రమం పెడతావు. తెరిచే ట్యాగు లోపలే పేరూ విలువా రాసే అట్రిబ్యూట్స్‌గా రాస్తే పేరు ఒక్కసారే వస్తుంది కదా అంటావు, నిజమే, లక్షసార్లు కాస్తా లక్షసార్లే అవుతుంది రెండు లక్షలు కాకుండా, థ్యాంక్స్.

ఫర్ ఎక్స్ఎంఎల్‌లో నీకు మొదట్లో మూడు అవతారాలు ఉండేవి. రా అనేది అమాయకురాలు, ప్రతి రోకీ ‘రో’ అనే పేరు పెట్టి వదిలేస్తుంది, దాంతో పేచీ లేదు. ఆటో ఉంది చూశావూ, అదీ తెలివైనది. ఏ టేబుల్ లోపల ఏ టేబుల్ ఉండాలో అదే తేల్చుకుంటుంది, ఎలా అంటే సెలెక్ట్‌లో ఏ టేబుల్ కాలమ్ ముందు రాశామో దాన్ని బట్టి. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు చూడ్డానికి నీట్‌గా ఉంటుందని ఆర్డర్ నంబర్‌ని ముందుకీ కస్టమర్ పేరుని వెనక్కీ జరిపాడు, అంతే, అప్పటిదాకా కస్టమర్ కింద ఉన్న ఆర్డర్లు లేచి కూర్చుని ఆర్డర్ల కింద కస్టమర్లు చేరారు. పాపం వాడు క్వెరీలో జాయిన్ మార్చలేదు వేర్ మార్చలేదు, రెండు లైన్లు కిందికీ పైకీ జరిపాడంతే. రివ్యూలో ఓకే చేసింది నేనే, అందుకే అరవలేకపోయా.

మూడోది ఎక్స్‌ప్లిసిట్. దాని గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. మొదటి కాలమ్ ట్యాగ్, రెండో కాలమ్ పేరెంట్, మిగతా కాలమ్స్ పేర్లలో ఆశ్చర్యార్థకాలు, ఆర్డర్ ఆశ్చర్యార్థకం ఒకటి ఆశ్చర్యార్థకం ఐడీ అన్నమాట, ఒక్కో లెవెల్‌కి ఒక్కో సెలెక్ట్, అన్నిటికీ మధ్య అతికించే యూనియన్ ఆల్, చివర వరస పెట్టే ఆర్డర్ బై. ఆ ఆర్డర్ బై తప్పి తండ్రి రోలన్నీ ముందు, పిల్లల రోలన్నీ తర్వాత వచ్చాయనుకో, పిల్లలందరూ వరసగా వెళ్ళి చివరి తండ్రి ఒళ్ళో కూర్చుంటారు, ఎర్రర్ కూడా రాదు. కాలమ్ పేర్లలో అన్ని ఆశ్చర్యార్థకాలు ఎందుకు పెట్టారో మొదటిసారి అవుట్‌పుట్ చూసినప్పుడు అర్థమైంది. 2005లో పాత్ అనే నాలుగో అవతారం వచ్చి చాలామందిని కాపాడింది, కానీ అప్పటికే రాసేసి డేటాబేస్‌లో దాచిన ఎక్స్‌ప్లిసిట్ ప్రొసీజర్లు ఎవరూ ముట్టుకోలేదు, ఎవరు ముట్టుకుంటారు.

ఇక అసలు కథకొస్తా, 2033.

ఒక రిపోర్ట్ స్క్రీన్. ప్రొసీజర్ నిన్ను రిటర్న్ చేస్తుంది, నా కోడ్ ఎగ్జిక్యూట్ స్కేలర్ అనే ఫంక్షన్‌తో నిన్ను పట్టుకుని పార్స్ చేస్తుంది. టెస్ట్ డేటాలో అయిదారు రోస్, అద్భుతంగా పనిచేసింది. ప్రొడక్షన్‌లో పెట్టాక కొంతమంది కస్టమర్లకి వస్తోంది, కొంతమందికి "ఫైల్ మధ్యలోనే అయిపోయింది, ఫలానా ట్యాగులు మూయలేదు" అని ఎర్రర్. ఎవరు మూయలేదు, నేను మూయడమేంటి, ట్యాగులు మూసేది నువ్వు, అది తప్ప నీకు వేరే పనేముంది? క్వెరీ విండోలో అదే ప్రొసీజర్ రన్ చేస్తే నీలం రంగు లింకు వస్తుంది, నొక్కితే మొత్తం ఎక్స్ఎంఎల్ బుద్ధిగా, మొదలూ చివరా అన్నీ ఉన్నాయి. డేటాబేస్ టీమ్ వాళ్ళు ఆ లింకు స్క్రీన్‌షాట్ తీసి పంపించి ప్రొసీజర్ కరెక్టే అన్నారు. నెట్‌వర్క్ వాళ్ళని అడిగితే మాకేం సంబంధం అన్నారు, నిజంగానే వాళ్ళకేం సంబంధం లేదు. రాత్రి ఒంటిగంటకి ఇక దిక్కుతోచక, వచ్చిన స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, పొడవెంతో లాగ్‌లో రాయించి చూశా. 2033. ఇంకో కస్టమర్. 2033. ఇంకొకరు, 2033.

అప్పుడు తెలిసింది నీ బండారం. నువ్వు ఒకే పెద్ద స్ట్రింగ్‌గా రావు, 2033 అక్షరాల ముక్కలుగా నరికి ఒక్కో ముక్కని ఒక్కో రోగా పంపిస్తావు, ఆ కాలమ్‌కి పేరు కూడా ఎక్స్ఎంఎల్ అండర్‌స్కోర్ తర్వాత 32 అంకెలూ అక్షరాల గజిబిజి, ఎవరూ పలకలేరు. క్వెరీ విండో ఆ ముక్కలన్నీ మాకు తెలీకుండా అతికించి చూపిస్తోంది. నా ఎగ్జిక్యూట్ స్కేలర్ ఏమో మొదటి రోలో మొదటి కాలమ్ తీసుకుని చేతులు దులుపుకుంటుంది, దాని పనే అది. ఎక్స్ఎంఎల్ రీడర్ వాడి ఉంటేనో, చివర్లో టైప్ అని ఒక్క మాట తగిలించి ఉంటేనో అయిపోయేది. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ ఒక్క మాట అడగనా, రోస్‌ని ఎక్స్ఎంఎల్‌గా మార్చమని నిన్ను పిలిచాం, నువ్వు మారి, మళ్ళీ రోస్‌గా వచ్చావు. ఇదెక్కడి న్యాయం?

నల్ విషయం కూడా మాట్లాడుకోవాలి. డేటాబేస్‌లో నల్ అంటే "విలువ తెలియదు" అని. నువ్వు నల్ కనిపిస్తే అసలు ఆ ట్యాగే రాయవు, అలాంటి కాలమ్ ఒకటుందని కూడా చెప్పవు. ఎక్స్‌ఎస్‌ఐ నిల్ అనే ఖాళీ గుర్తు పెట్టమని ప్రత్యేకంగా బతిమాలితే తప్ప. అవతల నా కోడ్‌లో టేబుల్స్‌ని మోసే డేటాసెట్ నిన్ను చదివి, ఏ కాలమ్స్ ఉంటాయో చెప్పే స్కీమా ఇవ్వకపోతే కనిపించిన ట్యాగుల్ని బట్టే కాలమ్స్ ఊహించుకుంటుంది, ఒక రోజు ఎవరికీ రెండో ఫోన్ నంబర్ లేకపోతే ఆ రోజు ఆ కాలమ్ ప్రపంచంలోనే లేదు, ఫలానా కాలమ్ ఈ టేబుల్‌కి చెందదు అని కోడ్ కూలిపోతుంది. అలా ఊహించుకున్న కాలమ్స్ అన్నీ స్ట్రింగులే మళ్ళీ, సార్ట్ చేస్తే 9 కంటే 10 ముందు. పుట్టిన తేదీల గొడవ ఇంకోటి, డేటాసెట్ అర్ధరాత్రి పన్నెండు గంటల పక్కన టైమ్‌జోన్ తేడా కూడా రాసి పంపేది, తూర్పున ఉన్న సర్వర్ రాసింది పడమరన ఉన్న సర్వర్ చదివేసరికి జనాలంతా ఒకరోజు ముందే పుట్టేశారు. ఇంకా నయం, పెళ్ళిరోజు కాలమ్ లేదు.

ఎవరో వర్డ్ ఫైల్ నుంచి కామెంట్ కాపీ చేసి పేస్ట్ చేస్తే అందులో వర్టికల్ ట్యాబ్ అనే కంటికి కనపడని అక్షరం వచ్చి కూర్చుంటుంది, అది నీ 1.0లో నిషిద్ధం. లక్ష రోస్‌లో ఒక్కదాంట్లో అది ఉన్నా మొత్తం రిజల్ట్ మైల పడిపోతుంది. ఎర్రర్ మెసేజ్ ఇచ్చే సలహా ఏంటంటే దాన్ని బైనరీ చేసి బేస్64 అనే కోడ్ అక్షరాల్లో పంపమని. కామెంట్ చదవాలయ్యా, జనాలు, కళ్ళతో.

నీలో మంచి లేదని అనను. కస్టమర్, అతని పది ఆర్డర్లు, ఒక్కో ఆర్డర్‌లో ఐదు ఐటమ్స్, జాయిన్ కొడితే కస్టమర్ అడ్రస్ యాభైసార్లు రిపీట్ అవుతుంది, నువ్వైతే అడ్రస్ ఒక్కసారి రాసి మిగతావి దాని లోపల చక్కగా సర్దుతావు, ఒక్క ట్రిప్‌లో మొత్తం కుటుంబం వచ్చేస్తుంది. అలాంటిచోట నువ్వు టేబుల్ కంటే మేలు, మొహమాటానికి చెప్పట్లేదు. ప్రొసీజర్‌కి ఏకంగా టేబుల్‌నే ఇచ్చే టేబుల్ వాల్యూడ్ పారామీటర్లు 2008లో రాకముందు వంద ఐడీలు ప్రొసీజర్‌కి ఒకేసారి పంపాలంటే నువ్వే మాకు దిక్కు. ఇక కామాలతో పేర్లు కలపడానికి నీ పాత్‌కి ఖాళీ పేరు ఇచ్చి, ముందొచ్చే కామాని స్టఫ్ అనే ఫంక్షన్‌తో పీకేసే ట్రిక్కు ఉంది కదా, అది వాడనివాడు ఎవడు? ఆ పనికే స్ట్రింగ్ ఆగ్ అనే ఫంక్షన్ 2017లో వచ్చేదాకా అందరం దానిమీదే బతికాం. ఎక్స్ఎంఎల్‌ని ఎక్స్ఎంఎల్ కాని పనికి వాడుకున్నప్పుడే నీతో ఎక్కువ సుఖపడ్డామంటే నీకు కోపం రావచ్చు. అక్కడ కూడా పేరులో ఒక ఆంపర్సాండ్ (&) కనిపిస్తే దాన్ని ఐదు అక్షరాలు చేసి నీ సంతకం పెట్టకుండా వదల్లేదనుకో.

మొన్న ఆ రిపోర్ట్ స్క్రీన్ మళ్ళీ రాసే అవకాశం వచ్చింది. మేనేజర్ కొత్త టెక్నాలజీ అన్నారు, అందరం జేసన్ అనే ఇంకో డేటా ఫార్మాట్ అన్నాం, 2016 నుంచి ఫర్ జేసన్ ఉంది, మూసే ట్యాగులు లేవు, నీకంటే సన్నం. ప్రొసీజర్ చివర నీ పేరు కొట్టేసి దాని పేరు రాశా, చేతికి అలవాటైన ఎగ్జిక్యూట్ స్కేలర్ అలాగే ఉంచా, టెస్ట్ డేటాలో అయిదారు రోస్, అద్భుతంగా పనిచేసింది. ప్రొడక్షన్‌లో పెట్టిన రెండో రోజు స్ట్రింగ్ మధ్యలోనే అయిపోయిందని ఎర్రర్. కాలమ్ పేరు చూస్తే జేసన్ అండర్‌స్కోర్, దాని తర్వాత ఆ 32 అక్షరాలూ అవే, ఒక్కటీ మారలేదు, నీ ఇంటిపేరే. పొడవు కొలిచా. ఎంతొచ్చిందో నీకు చెప్పక్కర్లేదు.

ఇట్లు,
నీ 2034వ అక్షరం కోసం రెండుసార్లు రాత్రంతా వెతికినవాడు