ఎకరం 99 పైసలు సరే, హామీ ఖరీదు ఎంత?

విశాఖ కాపులుప్పాడలో అమెరికా ఐటీ కంపెనీ కాగ్నిజెంట్‌కు ఎకరం 99 పైసల చొప్పున 21 ఎకరాలు ఇవ్వాలని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబరు 14న గూగుల్ వచ్చి, విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. ఆ ప్రాజెక్టుకు ఆంధ్ర ఇస్తున్న రాయితీలు రూ.22 వేల కోట్లని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే ఎత్తిపొడిచారు. ఇక మనవాళ్లు యథాప్రకారం రెండుగా చీలిపోయారు. ఊరికే దోచిపెడుతున్నారని ఒకరు, అంత ఇవ్వకపోతే ఎవడొస్తాడని ఇంకొకరు.

అసలు అంత ఎందుకు ఇవ్వాల్సి వస్తోందని మాత్రం ఈ గొడవలో ఎవరూ అడగడం లేదు. పక్కనే తమిళనాడు, కర్ణాటక ఉన్నాయి, పోటీ ఉంది, నిజమే. కానీ పోటీ ఒక్కటే కారణం కాదు. ఒకసారి ఎగ్గొట్టిన వాడికి అప్పిచ్చేవాడు వడ్డీ ఎక్కువే అడుగుతాడు. మన రాయితీల్లో కొంత భాగం ఆ వడ్డీయే అని నా అభిప్రాయం.

ముందు పన్నుల సంగతి చూద్దాం. మన దేశంలో పన్నులు మరీ ఎక్కువని, విదేశీయులు అందుకే భయపడతారని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అంత భయంకరంగా ఏమీ ఉండదు. తిరుపతి జిల్లాలోని పారిశ్రామికవాడ శ్రీసిటీలో జపాన్ కంపెనీలు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక కంపెనీ ఇక్కడ అనుబంధ సంస్థ పెట్టి 100 రూపాయలు లాభం సంపాదించిందనుకుందాం. మిగతా మినహాయింపులు వదులుకుని 22 శాతం స్కీము ఎంచుకుంటే సర్‌చార్జి, సెస్సు కలిపి 25.17 శాతం పన్ను. మిగిలిన 74.83 రూపాయలను డివిడెండుగా టోక్యోకు పంపితే, జపాన్‌తో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం ఇక్కడ మరో 10 శాతం కోస్తారు. చివరికి 67 రూపాయల పైచిలుకు చేతికొస్తుంది. అదే కంపెనీ అనుబంధ సంస్థ లేకుండా నేరుగా బ్రాంచి తెరిస్తే 35 శాతం రేటు, సర్‌చార్జి, సెస్సు కలిపితే పెద్ద కంపెనీలకు 38 దాటుతుంది. అందుకే తయారీకి వచ్చేవాళ్లలో దాదాపు అందరూ ఇక్కడ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయే రిజిస్టర్ చేసుకుంటారు. కొత్త ఫ్యాక్టరీలకు 2019లో 15 శాతం రేటు కూడా తెచ్చారు. 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలుపెట్టిన వారికే అది వర్తించింది, గడువు మళ్లీ పొడిగించలేదు.

డబ్బు తేవడమూ ఒకప్పటిలా నరకం కాదు. చాలా రంగాల్లో ముందస్తు అనుమతి అక్కర్లేదు. డబ్బు తెచ్చి, షేర్లు కేటాయించి, 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకు ఫారం నింపితే సరిపోతుంది. చైనా లాంటి సరిహద్దు దేశాల పెట్టుబడులకు 2020లో పెట్టిన కట్టడి పెద్ద మినహాయింపు. హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి చైనా కంపెనీ బీవైడీ పెట్టాలనుకున్న 100 కోట్ల డాలర్ల విద్యుత్ కార్ల ప్రాజెక్టు 2023లో అక్కడే ఆగిపోయింది.

అంటే రేట్లు ఫర్వాలేదు, గుమ్మాలూ తెరిచే ఉన్నాయి. మరి సీఏలను, లాయర్లను వెంటేసుకుని వచ్చే విదేశీ కంపెనీ దేనికి టెన్షన్ పడుతుంది? ఈ రూలు ఎన్నాళ్లుంటుంది అన్నదానికి. గూగుల్ విషయంలోనే చూడండి. డేటా సెంటర్ కట్టే సంస్థ పన్ను కట్టడానికి సిద్ధమే. భయమల్లా, సర్వర్లు విశాఖలో ఉన్నాయి కాబట్టి ప్రపంచం మొత్తం మీద వచ్చే క్లౌడ్ ఆదాయంలోనూ మాకు వాటా ఉందని రేపెవరైనా ఆదాయపు పన్ను అధికారి అంటే ఎలా అని. ఆ భయం ఉత్తుత్తిది కాదు. ఇక్కడ సొంత ఆఫీసు లేకపోయినా దుబాయ్‌లోని హయత్ సంస్థకు భారత్‌లో వ్యాపార స్థావరం ఉన్నట్లే లెక్క, కాబట్టి ఇక్కడ పన్ను కట్టాల్సిందే అని 2025 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో, మన డేటా సెంటర్లను వాడుకుని ప్రపంచానికి క్లౌడ్ సేవలు అమ్మే విదేశీ కంపెనీలకు 2047 దాకా పన్ను విరామం ప్రకటించారు. చూడటానికి ఇది పెద్ద కానుక. లోపల ఉన్నది మాత్రం ‘మధ్యలో మాట మార్చం’ అనే హామీ.

అలాంటి హామీ రాతపూర్వకంగా, అదీ ఇరవయ్యేళ్లకు ఇవ్వాల్సిన పరిస్థితి ఎందుకొచ్చింది? ఢిల్లీ చేసుకున్న నిర్వాకం ఒకటుంది. 2007లో వొడాఫోన్ సంస్థ భారత్‌లోని హచిసన్ మొబైల్ వ్యాపారాన్ని కొన్నది. లావాదేవీ జరిగింది విదేశాల్లో. ఆస్తి ఇక్కడుంది కాబట్టి పన్ను కట్టాల్సిందేనని మన ఆదాయపు పన్ను శాఖ అంది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వొడాఫోన్ పక్షాన తీర్పు చెప్పింది. అక్కడితో అయిపోవాలి. రెండు నెలలు తిరక్కుండానే అప్పటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ బడ్జెట్‌లో చట్టాన్నే సవరించారు, అదీ 1962 నుంచీ వర్తించేలా! కోర్టులో ఓడిపోయినవాడు రూలు పుస్తకాన్నే యాభయ్యేళ్లు వెనక్కి వెళ్లి దిద్దితే, అవతలివాడు ఏ లాయరును పెట్టుకుని ఏం లాభం?

ఫలితం ఏమైందో తెలిసిందే. 2020 సెప్టెంబరులో వొడాఫోన్ కేసు, డిసెంబరులో అదే సవరణ కింద పన్ను పడిన బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్ కేసు అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తుల ముందు) మనం ఓడిపోయాం. 2021లో పారిస్‌లోని భారత ప్రభుత్వ ఆస్తులపై కెయిర్న్ అక్కడి కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకుంది. పరువు వీధిలో పడ్డాక, ఆ ఆగస్టులో పార్లమెంటు ఆ పాతకాలపు పన్నును ఎత్తేసింది. కెయిర్న్‌కు రూ.7,900 కోట్లు వెనక్కిచ్చారు. తొమ్మిదేళ్ల పంతం.

నోకియా కథ వేరు, నొప్పి అదే. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో ఆ కంపెనీకి తమిళనాడు రాయితీలు బోలెడు ఇచ్చింది. 2013లో ఆదాయపు పన్ను శాఖ రెండు వేల కోట్ల పన్ను నోటీసు పంపి ఫ్యాక్టరీ ఆస్తులను కట్టేసింది. మరుసటి ఏడాది నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నా, ఆ ఫ్యాక్టరీ మాత్రం ఒప్పందంలోకి రాలేదు. 2014 నవంబరు 1న ఉత్పత్తి ఆగిపోయింది, వేల ఉద్యోగాలు పోయాయి. రాష్ట్రం చేత్తో ఇచ్చినదాన్ని కేంద్రం నోటీసు మింగేసింది.

ఈ గుణపాఠాల తర్వాత మనం నేర్చుకున్నది కాస్త విచిత్రంగా ఉంది. 2016లో, ఇతర దేశాలతో చేసుకునే పెట్టుబడి రక్షణ ఒప్పందాలకు కొత్త నమూనా రాసుకున్నప్పుడు పన్ను తగాదాలను పూర్తిగా దాని బయట పెట్టేశారు. ఇతర తగాదాలున్నా ముందు ఐదేళ్లు మన కోర్టుల చుట్టూ తిరిగాకే ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలన్నారు. పాత ఒప్పందాలను వరసగా రద్దు చేశారు. 2024లో అమల్లోకి వచ్చిన యూఏఈ ఒప్పందంలో ఐదేళ్లను మూడేళ్లకు తగ్గించారు. కోర్టుల వేగం తెలిసినవాళ్లకు మూడేళ్లంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బయటి పంచాయితీ వద్దన్నప్పుడు ఇంట్లో పంచాయితీ త్వరగా తేలాలి కదా!

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 2019 ఆంధ్రప్రదేశ్‌కు ఎన్నికల ఏడాది మాత్రమే కాదు, ఒప్పందాలు తిరగేసిన ఏడాది కూడా. జులైలో సౌర, పవన విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడటానికి కొత్తగా వచ్చిన ప్రభుత్వం కమిటీ వేసింది. యూనిట్ 4.84 రూపాయలకు కొంటున్న పవన విద్యుత్‌కు మధ్యంతరంగా 2.43 రూపాయలే చెల్లించే ఏర్పాటు వచ్చింది. ఆ కంపెనీల వెనక కెనడా, జపాన్, ఫ్రాన్స్ సొమ్ము ఉంది. జపాన్ రాయబారి నేరుగా ముఖ్యమంత్రికే లేఖ రాశారు. 2022 మార్చిలో హైకోర్టు, ఒప్పందంలో రాసుకున్న రేటే చెల్లించాలని డిస్కంలను (విద్యుత్ పంపిణీ సంస్థలను) ఆదేశించింది. ఇదంతా సాగుతుండగానే అమరావతి రాజధానిలో కట్టాల్సిన స్టార్టప్ ఏరియా నుంచి సింగపూర్ కంపెనీల కూటమి తప్పుకుంది. విశాఖ హార్బర్ పార్కులో మాల్, కన్వెన్షన్ సెంటర్ కట్టడానికి యూఏఈ కంపెనీ లులు గ్రూపునకు ఇచ్చిన 13 ఎకరాల పైచిలుకు స్థలం రద్దయింది. ఆంధ్రాలో ఇక కొత్త పెట్టుబడి పెట్టబోమని లులు ప్రకటించింది. 2025లో అదే కంపెనీకి అదే హార్బర్ పార్కు స్థలాన్ని మళ్లీ లీజుకు ఇచ్చారు. మధ్యలో ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో అక్కడ మాల్ లేదు, కన్వెన్షన్ సెంటర్ లేదు, ఒక్క ఉద్యోగమూ లేదు.

అప్పటి ప్రభుత్వం చెప్పిన కారణాలన్నీ కల్పితాలని నేను అనను. కొత్త వేలంపాటల్లో కరెంటు సగం ధరకే దొరుకుతుంటే పాత రేటు కట్టడం డిస్కంలకు భారమే. లులు భూమికి పోటీ లేదు, లీజు తక్కువ అన్న అభ్యంతరమూ కొట్టిపారేయదగ్గది కాదు. కానీ అవన్నీ సంతకానికి ముందు అడగాల్సినవి. అప్పుడు అడిగే వీలు జనానికీ లేదు, ప్రతిపక్షానికీ లేదు. కాగితాలు బయటికి వస్తే కదా అడగడానికి! నా మాట అంతా ఇక్కడే ఉంది. గుట్టుగా చేసిన ఒప్పందాన్ని రద్దు చేయడం తర్వాతి ప్రభుత్వానికి చాలా తేలిక, చేస్తే చప్పట్లు కూడా పడతాయి.

దీనికి మరీ బాధాకరమైన రుజువు అనకాపల్లి జిల్లా మాకవరపాలెంలో ఉంది. యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థతో 2007లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. మన్యంలోని బాక్సైట్‌ను (అల్యూమినియం ఖనిజాన్ని) రాష్ట్ర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఏపీఎండీసీ తవ్వి ఇస్తుంది, వాళ్లు రిఫైనరీ కడతారు. రిఫైనరీ కట్టారు. బాక్సైట్ మాత్రం రాలేదు. గిరిజన ప్రాంతాల్లో భూమిని ప్రైవేటు వాళ్లకు లీజుకివ్వడం చెల్లదని 1997లోనే సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థను అడ్డుపెట్టి దాటేద్దామనుకున్నారు. చింతపల్లి, జెర్రెల కొండల్లో జనం ఒప్పుకోలేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ కొండ జోలికి వెళ్లే ధైర్యం చేయలేకపోయింది. ఆ విదేశీ సంస్థ భారత్ మీద ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది.

ఈ కేసులో గిరిజనులది తప్పు కాదు. పెట్టుబడిదారుడిది ఉంటే గింటే, నమ్మడమే తప్పు. తన చేతిలో లేనిదాన్ని ఇస్తానన్నది ప్రభుత్వం. పెట్టుబడుల సదస్సుల్లో ఎంవోయూల మీద సంతకాలు చేసేటప్పుడు భూమి మీద హక్కు ఎవరిది, నీళ్లు ఎక్కడివి, ఊరివాళ్లు ఏమంటున్నారు అనేవి ఎంత లోతుగా చూస్తున్నారో నాకైతే అనుమానమే. డేటా సెంటర్లకు కావాల్సిన కరెంటు, నీళ్ల లెక్కలూ ఆ కోవలోవే.

ఇక రాయితీల చెల్లింపు. జీఎస్టీ రీయింబర్స్‌మెంటు, కరెంటు సబ్సిడీ, మూలధన సబ్సిడీ అని జీవోలో ఇంపుగా రాస్తారు. బిల్లు పెట్టాక ఏళ్లు గడుస్తాయి. ఈ బకాయిల జాడ్యం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. తెలంగాణ 2014లోనే టీఎస్‌ఐపాస్ చట్టం తెచ్చి పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులన్నది, అది నిజంగా మంచి చట్టం. కానీ అనుమతి త్వరగా రావడం వేరు, సబ్సిడీ చెక్కు రావడం వేరు. పెద్ద కంపెనీ ఆ ఆలస్యాన్ని ముందే లెక్కేసుకుని ఇంకో వెయ్యి కోట్లు ఎక్కువ అడుగుతుంది. పక్కనే విడిభాగాలు చేసే చిన్న యూనిట్ ఆ బకాయి కోసం బ్యాంకు వడ్డీ కట్టుకుంటూ కూర్చుంటుంది. అందుకే రాయితీల సొమ్మును ఎస్క్రో ఖాతాలో (వేరే పనికి వాడకుండా విడిగా ఉంచే బ్యాంకు ఖాతాలో) వేస్తామని చంద్రబాబు ప్రభుత్వం 2025లో చెప్పడం, 99 పైసల భూమి కంటే నాకు ముఖ్యమైన వార్తగా అనిపించింది. పత్రికల్లో దానికి దక్కిన చోటు మాత్రం అందులో పదో వంతు లేదు.

ఎస్క్రో ఉన్నా, అందులో పడే డబ్బు దేనికని జనానికి తెలియకపోతే మళ్లీ పాత కథే. ఎన్ని ఎకరాలు, ఏ ధరకు, ఎన్ని ఉద్యోగాలకు, ఏ ఏడాది ఎంత సొమ్ము, లక్ష్యం తప్పితే వెనక్కి ఎంత తీసుకోవాలి అన్నవి అసెంబ్లీ ముందు పెట్టాలి. వ్యాపార రహస్యమంటారు. ధరలు, టెక్నాలజీ రహస్యం కావచ్చు, ఖజానా నుంచి వెళ్లే సొమ్ము ఎలా అవుతుంది? గూగుల్ పెట్టుబడి కాలం 2026 నుంచి 2030. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ ఎన్నికలు 2029లో. చెల్లింపుల్లో సగం ఇప్పటి ప్రభుత్వం చేస్తే, మిగతా సగం ఎవరు చేస్తారో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఒప్పందం కాగితాలను ప్రతిపక్షం చదివి, సభలో నిలదీసి, సమాధానం విని ఉంటే, రేపు అధికారంలోకి వచ్చాక అదే కాగితాన్ని ‘కుంభకోణం’ అంటూ చించడానికి కనీసం ఒక సాకు తగ్గుతుంది.