పద్మినికి రంగు పడిన వేళ

కూతురి పెళ్లి కదా అని చెన్నై సాలిగ్రామంలో ఓ మామయ్యగారు తన పద్మిని కారుకి కొత్త రంగు వేయించాడు. షెడ్డువాళ్లు గడపకి పసుపు రాసినంత శ్రద్ధగా బానెట్ కింద కూడా మూల వదలకుండా పూసేశారు. పెళ్లిబట్టలకని పాండీబజారు బయల్దేరి తాళం తిప్పితే... టక్. ఇంకోసారి తిప్పాడు. టక్.

"బ్యాటరీ వీక్ సార్" అన్నాడు వాచ్‌మన్. సెకండ్ గేర్లో పెట్టి, క్లచ్ తొక్కి పట్టుకుంటే నలుగురు చేరి "తళ్ళుంగ, తళ్ళుంగ" అంటూ తోశారు. వేగం అందాక క్లచ్ వదిలితే ఇంజన్ బుర్రున లేచింది. ఇంకేం, దోషం బ్యాటరీదేనని వీధి మొత్తం తీర్పిచ్చేసింది. కొత్త బ్యాటరీ వచ్చింది. మళ్లీ టక్.

పాత కార్ల దగ్గర అందరూ జారిపడే మెట్టు ఇదే. ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే కాయిల్‌కి నాలుగైదు ఆంపియర్లు చాలు, అందుకే తోస్తే స్టార్టవుతుంది. తాళం తిప్పగానే ఇంజన్‌ని తిప్పే సెల్ఫు మోటారుకి వంద పైనే కావాలి. దారిలో పదో వంతు ఓమ్ అడ్డుంటే చాలు, వంద ఆంపియర్లకి 10 వోల్టులు హాంఫట్. టకటకటకమని వరసగా కొట్టుకుంటే ముందు బ్యాటరీ ఛార్జీ, టెర్మినళ్ల మీద పూసిన తుప్పు చూడాలి. ఒక్క టక్‌తో నోరు మూసుకుంటే సోలెనాయిడ్, అంటే సెల్ఫుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి, లాగుతోందన్నమాట. మోటారుకి వెళ్లే దారో, తిరిగొచ్చే దారో మూసుకుపోయి ఉంటుంది, లేదా మోటారే పోయి ఉంటుంది.

ఈలోగా బావమరిది "ప్లగ్గులు తుడుస్తా బావా" అని నాలుగు వైర్లూ ఒకేసారి పీకి, తుడిచి, అందంగా కనబడిన వరసలో పెట్టాడు. సిలిండర్లు నిప్పందుకునే వరస, అదే ఫైరింగ్ ఆర్డర్, 1-3-4-2. అతను పెట్టింది 1-2-3-4. ఈసారి తోస్తే సైలెన్సర్లోంచి ఢాం అంది. ఎదురింటివాళ్లు పెళ్లి అప్పుడే మొదలైందనుకున్నారు.

పంతం పట్టిన మామయ్య తాళం తిప్పి అలాగే పట్టుకున్నాడు. డాష్‌బోర్డునుంచి ఇంజన్‌కి వెళ్లే చోక్ తీగ పక్కనుంచి సన్నగా పొగ.

"ఏమండీ, కారు సాంబ్రాణి వేసుకుంటోంది!" అంది అత్తయ్య.

అసలు ఆచూకీ ఇచ్చింది ఆ పొగే. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. రబ్బరు కరెంటుని పోనివ్వదు. ఇంజన్‌నుంచి బాడీకి బిగించిన జడలాంటి రాగి పట్టీయే కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారి. అది మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, చోక్ తీగో ఆక్సిలరేటర్ తీగో పట్టుకుని పోబోతుంది. ఆ సన్నతీగ కాలక ఏం చేస్తుంది?

పొగ సంగతి విని మేనల్లుడు వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చాడు. ముందు వైర్ల వరస సరిచేసి, ఇంజన్ అందుకోకుండా కాయిల్‌కొచ్చే సన్నవైరు ఊడదీశాడు. 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్లముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టుకే (పైనున్న క్లాంపుకి కాదు), ఎర్రముల్లు ఇంజన్ మీద గీకిన చోట ఆనించి తాళం తిప్పమన్నాడు. అర వోల్టు దాటకూడని చోట 6 చూపించింది. రూఢి చేసుకోవడానికి జంపర్ కేబుల్ ఒకటి నెగటివ్ పోస్టునుంచి ఇంజన్‌కి తగిలించాడు. సెల్ఫు గిర్రున తిరిగింది.

"ఏరా, కొత్త బ్యాటరీకి కూడా దిష్టి తగిలిందంటావా?"

"దిష్టి కాదు మామయ్యా, రంగు తగిలింది."

పట్టీ విప్పి చూస్తే బోల్టు కింద బాడీ మీద అద్దంలాంటి మెరుపు. రంగు మీదే బిగించారు. నంబర్ 80 ఎమెరీ కాగితంతో రూపాయి బిళ్లంత మేర ఇనుము తళతళలాడేదాకా గీకి, పట్టీ చివరలు తోమి, పళ్ల వాషర్ వేశాడు. బిగించాక పైన వాజలీన్ రాస్తే సముద్రపు గాలికి తుప్పు పట్టదు. పట్టీ తీగలు తెగి ఉంటే కార్ల సామాన్లమ్మే పుదుపేటలో వేరేది దొరుకుతుంది; కొత్త బ్యాటరీ ఖరీదు ముందు దాని ధర లెక్కలోకే రాదు.

స్పానర్ కోసం మేనల్లుడు అటు తిరిగి ఇటు తిరిగేసరికి, గీకిన మచ్చ చూసి ప్రాణం విలవిల్లాడిన మామయ్య, మిగిలిన రంగు డబ్బా, కుంచె పట్టుకుని బానెట్ మీదకి వంగి ఉన్నాడు.