ముందే చదవకపోతే ఫస్టియర్ తప్పుతారా?

నీట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మా చుట్టాల గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఎంబీబీఎస్ సీటు వచ్చేలా ఉన్న పిల్లలు కాలేజీ తెరిచేలోపు అనాటమీ (శరీర నిర్మాణం), ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు), బయోకెమిస్ట్రీ ఒక రౌండ్ పూర్తి చేయాలట. లేకపోతే ఫస్టియర్ తప్పుతారట. తెలుగు మీడియం వాళ్లకు మరీ కష్టమట. పీజీ కోచింగ్ యాప్ కూడా ఇప్పుడే కొనేయాలట. మా బాబాయి దీన్ని వాళ్లమ్మాయికి పంపి, నాకూ పెట్టి "నిజమేనారా?" అని అడిగాడు.

కాదు బాబాయ్. నేను ఎంబీబీఎస్‌లో చేరేముందు ఆ పని చేసి చూసినవాణ్ణే.

"ఒక రౌండ్ పూర్తి చేయాలి": రౌండ్ అన్న మాటే నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టల్ భాష. నేను కోఠీలో పాత అనాటమీ పుస్తకాలు కొని, చేతి భాగంతో మొదలుపెట్టాను. చేతికి వెళ్లే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్, స్కెచ్ పెన్నులతో వేశాను. ఐదు రూట్లు, మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు, మూడు కార్డులు. నిద్రలో లేపి అడిగినా వేసేవాణ్ణి. తీరా శవాన్ని కోసి చూపించే డిసెక్షన్ హాల్లో చంక భాగం విప్పి చూపిస్తే నరం ఏదో, ధమని ఏదో తెలియలేదు. పుస్తకంలో నరం పసుపు, ధమని ఎరుపు, సిర నీలం. చెడిపోకుండా ఫార్మలిన్ పట్టించిన శరీరంలో అన్నీ దాదాపు ఒకటే మట్టి రంగు. వేళ్ల మధ్య పట్టి చూడాలి. నరం తాడులా గట్టిగా తగులుతుంది, ధమని మందపాటి గొట్టంలా ఉంటుంది, సిర చదునుగా అణిగిపోయి ఉంటుంది. సెలవులంతా క్రికెట్ ఆడి వచ్చిన నా పక్కవాడు రెండో రోజుకే పట్టేశాడు. నేను మాత్రం నా బొమ్మతో పోల్చుకుంటూ కూర్చున్నాను.

వైవాలో, అంటే నోటి పరీక్షలో అయితే క్లావికల్ (కాలర్ బోన్) చేతిలో పెట్టి, ముందుగా "ఏ వైపుది?" అంటారు. బల్లపరుపుగా ఉన్న చివర భుజం వైపు, గుండ్రంగా ఉన్నది రొమ్ము ఎముక వైపు, గాడి ఉన్న పక్క కిందికి. చదివితే మూడు ముక్కలే. కానీ ఎముకను మన ఒంటికి ఆనించుకుని పదిసార్లు తిప్పి చూడనివాడు అక్కడ తడబడతాడు.

"ఫిజియాలజీ కూడా": గుండె, కిడ్నీలోని నెఫ్రాన్, నరంలో సంకేతం ఎలా వెళ్తుందో నీట్ జువాలజీలో చదివేశారు కదా! మొదలుపెట్టడానికి అది చాలు.

"ఫస్టియర్ తప్పుతారు": తప్పినవాళ్లను చూశాను. ముందే చదవకపోవడం వల్ల తప్పినవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు. ఒకడు ఇంటి మీద బెంగతో క్లాసులు ఎగ్గొట్టాడు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు ఉండాలి. ఇంకొకరు ఇంటర్నల్స్‌ని, అంటే కాలేజీ పెట్టే పరీక్షల్ని తేలిగ్గా తీసుకున్నారు. అన్నిటికంటే పెద్ద చిక్కు చేతిరాత. నీట్ కోసం రెండేళ్లు ఓఎంఆర్ మీద చుక్కలు దిద్దిన చెయ్యి, మూడు గంటలు ఆగకుండా వ్యాసాలు రాయమంటే మొరాయిస్తుంది. జవాబు తెలుసు, బయటికి రాదు. నాకు మొదటి ఇంటర్నల్‌లో చివరి రెండు ప్రశ్నలు అలాగే మిగిలిపోయాయి.

"తెలుగు మీడియం వాళ్లకు కష్టం": ఇందులో కొంత నిజముంది, మందు మాత్రం తప్పు చెప్పారు. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ (మెడలో ఒక కండరం) లాంటి మాట ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ కొత్తే. తేడా వచ్చేది క్లాసులో లెక్చరర్ వేగం అందుకోవడంలో, సొంతంగా నాలుగు వాక్యాలు రాయడంలో. దానికి రోజూ ఒక పేజీ ఇంగ్లిష్ పైకి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాస్తే చాలు. అది అనాటమీయే కానక్కర్లేదు, క్రికెట్ వార్తయినా సరే. భాషకు సాయం చేయడానికి అడ్మిషన్ అయ్యాక ఫౌండేషన్ కోర్సు ఎలాగూ ఉంటుంది.

"యాప్ ఇప్పుడే కొనాలి": ఇది అమ్మేవాళ్ల టెన్షన్, మనది కాదు.

మెసేజ్‌లో లేని పని ఒకటుంది. కౌన్సెలింగ్‌లో స్థానికత చూపడానికి స్కూలు, ఇంటర్ స్టడీ సర్టిఫికెట్లు కావాలి. చెల్లి మధ్యలో రెండు స్కూళ్లు మారింది, అందులో ఒకటి మూతపడింది కూడా. బాబాయ్, ఆ కాగితం ఎవరిస్తారో రేపు పొద్దున్నే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు వెళ్లి కనుక్కో. చెల్లిని మాత్రం పుస్తకాల ముందు కూర్చోబెట్టకు.